శ్రీలంకలో అనురాధపురం నుంచి క్యాండీ దాకా కారులో: ఎన్ని రోజులు, ఏ వరుసలో?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. అరవై దాటిన అమ్మానాన్నలతో, పదేళ్ల పాపతో ఆరు రాత్రులు శ్రీలంక వెళుతున్నారు. కొలంబో విమానాశ్రయంలో కారు తీసుకొని పాత రాజధానులు, బౌద్ధ విహారాలు చూడాలని కోరిక. అయితే స్నేహితులు "అనురాధపురం, పొలన్నరువ రెండూ ఇటుక దిబ్బలే, సిగిరియ, క్యాండీ చూసి వచ్చేయండి" అన్నారు. వాళ్ల మాట వినాలా, వినకపోతే ఏ వరుసలో వెళ్లాలి, కారు మీరే నడపవచ్చా అని అడిగారు.

నా సమాధానం: వినకండి. అనురాధపురంలో రెండు రాత్రులు, హబరణ లేదా సిగిరియ దగ్గర మూడు రాత్రులు, క్యాండీలో ఒక రాత్రి ఉండండి. కారును డ్రైవరుతో సహా మాట్లాడుకోండి. రోజులు తగ్గించక తప్పకపోతే క్యాండీని తగ్గించండి, అనురాధపురాన్ని మాత్రం ముట్టుకోకండి.

చరిత్ర విద్యార్థులను, వాళ్ల కుటుంబాలను వెంటబెట్టుకొని చాలా ఏళ్లుగా ఈ దారిలో తిరుగుతున్నాను. చూసినవాళ్లు విసుగెత్తి "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనడానికి దాదాపు ప్రతిసారీ ఒకటే కారణం కనిపించింది: వరుస తప్పడం. ఎక్కువమంది ముందు క్యాండీ వెళతారు, అక్కడి నుంచి సిగిరియ ఎక్కుతారు, చివర్లో అలసిపోయి, ఎండలో, అరపూటలో అనురాధపురం చుట్టేస్తారు. అంటే కథను చివరి నుంచి మొదటికి చదువుతున్నారన్నమాట. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో బౌద్ధం అడుగుపెట్టిన చోట మొదలుపెట్టి, 1815లో చివరి రాజు సింహాసనం పోగొట్టుకున్న చోట ముగిస్తే ప్రతి శిథిలమూ దాని ముందుదానికి జవాబులా కనిపిస్తుంది. అదృష్టం ఏమిటంటే రోడ్డు కూడా ఇందుకు బాగా కలిసొస్తుంది. అనవసరంగా వెనక్కి తిరగాల్సిన పని పెద్దగా ఉండదు.

విమానం దిగగానే కొలంబో నగరంలోకి వెళ్లకండి. విమానాశ్రయం ఉన్నది కటునాయకలో, నగరానికి ఉత్తరంగా. అక్కడి నుంచి కురునెగల మీదుగానో, సముద్రం పక్కగా పుత్తలం మీదుగానో నేరుగా అనురాధపురం చేరుకోవచ్చు. మధ్యలో భోజనానికి ఆగినా సగం రోజు ప్రయాణం. కురునెగల దారి పట్టి, పొద్దు ఇంకా ఉంటే యాపహువ దగ్గర ఆగవచ్చు. 13వ శతాబ్దంలో కొద్దికాలం రాజధానిగా ఉన్న కొండకోట అది. రాతి సింహాలు కాపలా ఉన్న నిట్టనిలువు మెట్లు తప్ప పెద్దగా మిగలలేదు. వరుసకు కాస్త అడ్డం వచ్చినా దారిలోనే ఉంది కాబట్టి చెప్పాను, వదిలేసినా నష్టం లేదు.

ఇక అనురాధపురం. దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. వెయ్యేళ్లకు పైగా రాజధానిగా నిలిచిన ఊరు, 10వ శతాబ్దం చివర చోళుల దండయాత్రతో ఆ హోదా కోల్పోయింది. 1982లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడ మూడు మహా సంఘారామాలు ఉండేవి: మహావిహారం, అభయగిరి, జేతవనం. ఊరి పటంలో ముందు ఈ మూడింటినీ గుర్తించండి. మీరు చూసే స్తూపం, కోనేరు, స్తంభాల గుంపు ఏదైనా దాదాపుగా ఈ మూడింటిలో ఒకదానికి చెందుతుంది. అవి విడివిడి గుళ్లు కావు. వేలమంది భిక్షువులు తిని, చదివి, వాదించుకొని, నిద్రపోయిన పట్టణాలు. 5వ శతాబ్దం తొలినాళ్లలో చైనా యాత్రికుడు ఫాహియాన్ ఇక్కడ రెండేళ్లు గడిపాడు. అభయగిరిలోనే ఐదు వేలమంది భిక్షువులు ఉన్నారని రాశాడు. అక్కడి బుద్ధ విగ్రహం ముందు ఒక వర్తకుడు సమర్పించిన చైనా తెల్లపట్టు విసనకర్ర కనబడగానే, ఇల్లు వదిలి ఎన్నో ఏళ్లయిన ఆ మనిషి కళ్లు చెమర్చాయట. అభయగిరి ఆవరణలో చెట్ల కింద కూర్చోబెట్టి పాపకు ఈ ముక్క చెప్పండి. ఆ తర్వాత అక్కడున్నవి తనకు ఉత్త రాళ్లుగా కనిపించవు.

జేతవన స్తూపాన్ని 3వ శతాబ్దంలో మహాసేన రాజు మొదలుపెట్టాడు. కట్టినప్పుడు ఎత్తు సుమారు 122 మీటర్లు, పట్టిన ఇటుకలు తొమ్మిది కోట్లకు పైనే అని అంచనా. ఆనాటి ప్రపంచంలో గీజా పిరమిడ్లు రెండు మాత్రమే దీనికంటే ఎత్తు. ఇప్పుడు మిగిలింది 71 మీటర్లు. మీ స్నేహితులు చెప్పిన "ఇటుక దిబ్బ" ఇదే కావచ్చు. దాని దగ్గర ఒక పని చేయండి. స్తూపానికి నాలుగు దిక్కులా గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన అలంకృత వేదికలు ఉంటాయి. సింహళంలో వాటిని వాహల్కడలు అంటారు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాల నమూనాలు చూసినవాళ్లకు వెంటనే ఆయక వేదికలు గుర్తుకొస్తాయి. పోలిక ఊరికే రాలేదు. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేదని బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం చెబుతోంది. అమరావతి శైలి శిల్ప ఫలకాలు లంకలో దొరికాయి. కృష్ణాతీరానికీ ఈ ఊరికీ మధ్య భిక్షువులు, శిల్పులు, పడవలు నిత్యం తిరుగుతున్న రోజులవి. తెలుగువాళ్లు ఈ వేదికల ముందు మరో అయిదు నిమిషాలు నిలబడాలని నా పట్టుదల.

అభయగిరి ఆవరణలో రెండు చోట్లు దగ్గరగా చూడాలి. ఒకటి కుట్టం పొకుణ, అంటే జంట కోనేళ్లు. అందరూ గట్టు మీద నిలబడి ఫొటో తీసుకొని వెళ్లిపోతారు. మీరు చిన్న కోనేటి చివరకు వెళ్లి, నీళ్లు లోపలికొచ్చే చోటు చూడండి. నీరు నేరుగా కోనేట్లో పడదు. ముందు చిన్న రాతి తొట్లలోకి వచ్చి, అక్కడ మట్టీ ఒండ్రూ అడుగుకు దిగాక, తేరిన నీరు మాత్రమే మకర ముఖం గుండా కోనేటిలోకి జారేది. పక్కనే రాతిలో మలిచిన అయిదు తలల నాగు కాపలా ఉంటుంది.

రెండోది మహాసేనుడి ప్రాసాదంగా పిలిచే శిథిలం గుమ్మం ముందున్న అర్ధచంద్ర శిల. దీన్ని సందకడ పహణ అంటారు. వెలుపలి అంచున జ్వాలలు, ఆ లోపల ఒకదాని వెనక ఒకటి నడిచే ఏనుగు, గుర్రం, సింహం, వృషభం, తర్వాత మెలికలు తిరిగిన లత, దాని లోపల ముక్కున తూడు కరచుకొన్న హంసల బారు, నడుమ సగం పద్మం. ఏ జంతువు ఏ వరుసలో ఉందో పాపతో కాగితం మీద రాయించండి, ఆ కాగితం పొలన్నరువలో పనికొస్తుంది.

ఇవి కాక జయశ్రీ మహాబోధి అనే బోధివృక్షం, రువన్వెలిసాయ అనే స్తూపం ఉన్నాయి. ఇవి శిథిలాలు కావు, నేటికీ పూజలు అందుకొంటున్న క్షేత్రాలు. అశోకుడి కుమార్తె సంఘమిత్ర గయ నుంచి తెచ్చిన బోధివృక్షపు కొమ్మే ఈ చెట్టు అని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఎప్పుడు నాటారో లెక్క తెలిసిన చెట్లలో ఇంత పాతది మరొకటి లేదంటారు. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్లండి. తెల్లబట్టలు కట్టుకొని, తామరపూలు పట్టుకొని కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. మధ్యాహ్నం పాదరక్షలు లేకుండా ఆ రాతి పరుపు మీద నడవడం పెద్దవాళ్లకు శిక్ష.

మూడో రోజు పొద్దున్నే మిహింతలె. అనురాధపురానికి తూర్పున సుమారు 13 కిలోమీటర్లు. అశోకుడి కుమారుడు మహిందుడు దేవానాంపియ తిస్స రాజును కలిసింది ఇక్కడేనని సంప్రదాయం. మెట్లు 1,840 అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది, అది చదివి అమ్మానాన్నలు భయపడనక్కర్లేదు. కారు సగం ఎత్తు వరకూ వెళుతుంది. పైకి ఎక్కలేనివాళ్లకు మధ్య మెట్టు దగ్గరి భోజనశాల చాలు. భిక్షువులకు అన్నం నింపిన పొడవాటి రాతి తొట్టి అక్కడే ఉంది. కొండ అడుగున ప్రాచీన వైద్యశాల పునాదులు, రోగిని ఔషధ తైలంలో పడుకోబెట్టేందుకు మనిషి ఆకారంలో తొలిచిన రాతితొట్టి ఉన్నాయి. మా విద్యార్థుల్లో వైద్యం చదివేవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడి నుంచి కదలరు.

మిహింతలె నుంచి హబరణ వైపు వెళ్లేటప్పుడు ఒక ఎంపిక చేసుకోవాలి: రితిగలా, అవుకనా?

మీరిద్దరే అయితే రితిగల అనేవాణ్ని. అడవిలో ఉన్న ఆరామం అది. 9వ శతాబ్దంలో పాంసుకూలిక భిక్షువులకు, అంటే పారేసిన గుడ్డపేలికలే కట్టుకొనే వ్రతం పట్టిన వాళ్లకు రాజు కట్టించి ఇచ్చాడు. అక్కడ స్తూపం లేదు, బుద్ధ విగ్రహమూ లేదు. చెక్కిన రాతిబాట చెట్ల మధ్యగా పైకి పోతూ ఉంటుంది, అక్కడక్కడా చిన్న రాతివంతెనతో కలిపిన జంట వేదికలు కనిపిస్తాయి. అంతే. ఇదే శాఖ భిక్షువులు అనురాధపురం పడమటి వైపు అడవిలోనూ ఉండేవారు. వాళ్లు అలంకరణ చేసిన ఒకే ఒక్క వస్తువు మూత్రశాల రాయి! దాని మీద రాజభవనం లాంటి బొమ్మ చెక్కేవారు. వైభవం మీద వాళ్ల అభిప్రాయం అదేనని పండితులు వ్యాఖ్యానిస్తారు. అయితే రితిగలలో ఎత్తుపల్లాల నడక ఎక్కువ, వాన పడితే రాళ్లు జారతాయి, జలగలు కూడా ఉంటాయి.

అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి మీరు అవుకన వెళ్లండి. ఒకే కొండరాతిలో మలిచిన సుమారు 12 మీటర్ల నిలువెత్తు బుద్ధుడు. 5వ శతాబ్దపు ధాతుసేన రాజు కాలం నాటిదని సంప్రదాయం. దగ్గరలోనే ఆ రాజే తవ్వించిన కలావెవ చెరువు ఉంది. ఆ చెరువు నుంచి అనురాధపురం దాకా 87 కిలోమీటర్ల కాలువ పోతుంది, అందులో కొన్ని చోట్ల వాలు కిలోమీటరుకు పది సెంటీమీటర్లే. ఏ యంత్రమూ లేని రోజుల్లో ఆ వాలును ఎలా పట్టుకోగలిగారో కట్ట మీద నిలబడి ఆలోచించండి. ఇన్ని వేలమంది భిక్షువులకు అన్నం ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు ఈ కట్టే. వానలు అంతంతమాత్రంగా పడే నేలలో చెరువు ఉంటేనే వరి, వరి ఉంటేనే విహారం.

అవుకన, కలావెవ చూశాక సిగిరియ వెళ్లమనడానికి మరో కారణం ఉంది. ధాతుసేనుడి కొడుకే సిగిరియ కట్టిన కాశ్యపుడు. తండ్రిని చెరపట్టి, దాచిన ధనం ఎక్కడుందో చూపించమన్నాడు. ధాతుసేనుడు కలావెవకు తీసుకెళ్లి, దోసిట నీళ్లు తీసి నా ఆస్తి ఇదేనన్నాడని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. కొడుకు ఆయన్ని గోడలో పెట్టి కట్టించాడు. సింహాసనం దక్కవలసిన తమ్ముడు మొగ్గల్లానుడు భారతదేశానికి పారిపోయాడు. 477 నుంచి 495 దాకా పాలించిన కాశ్యపుడు తన రాజధానిని అనురాధపురం నుంచి ఈ బండ మీదికి మార్చుకున్నాడు. తమ్ముడు సైన్యంతో తిరిగొచ్చినప్పుడు యుద్ధంలో తనను తానే చంపుకొన్నాడు. ఈ కథ తెలిసి ఎక్కితే ఆ అందమంతటి వెనక ఉన్న భయం అర్థమవుతుంది.

సిగిరియకు ద్వారాలు తెరిచే వేళకే చేరుకోండి. ఎనిమిది దాటితే ఇనుప మెట్ల మీద బారు కదలదు, బండ వేడెక్కుతుంది. మెట్లు సుమారు 1,200. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లను పైమెట్ల మొదట్లో ఉన్న పెద్ద సింహం పంజాల దాకా కూడా తీసుకెళ్లవద్దు. వాళ్లకు కింది ఉద్యానవనమే ఒక పూట. చిల్లులు పెట్టిన గుండ్రటి సున్నపురాతి పలకల గుండా ఎగజిమ్మే ఫౌంటెన్లు పదిహేను వందల ఏళ్ల తర్వాత కూడా భారీ వానలు కురిసిన రోజుల్లో పనిచేస్తాయి. గుహలోని వర్ణచిత్రాల్లో ఇప్పుడు మిగిలిన స్త్రీమూర్తులు దాదాపు ఇరవై. అక్కడ ఫొటో నిషేధం, కచ్చితంగా పాటించండి. అద్దంలా నున్నగా పూత పూసినందుకు అద్దపు గోడ అని పిలిచే గోడ మీద శతాబ్దాల పాటు సందర్శకులు గీకిన పద్యాలు ఉన్నాయి. పరణవితాన అనే పురాలిపి శాస్త్రవేత్త వాటిలో 685 చదివి 1956లో ప్రచురించారు. ఎవరో వెయ్యేళ్ల కిందట ఆ బొమ్మల్లోని స్త్రీలతో మాట్లాడుతున్నట్టు రాసుకొన్న పంక్తులవి. బండకు పట్టిన పెద్ద తేనెపట్ల వల్ల మౌనంగా నడవమని బోర్డులు ఉంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు, పాపకు ముందే చెప్పండి. కాశ్యపుడి తర్వాత ఈ బండ మళ్లీ భిక్షువుల చేతికి వెళ్లి మరికొన్ని శతాబ్దాలు ఆరామంగా ఉందని చాలామందికి తెలియదు.

అదే సాయంత్రం దంబుల్ల. అయిదు గుహాలయాలు, 1991 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఇక్కడా కొంత ఎక్కాలి, కోతుల చేతికి అందేలా తిండి పట్టుకోకండి. పైకప్పు రాయి ఎగుడుదిగుళ్లను అనుసరించి గుడ్డ పరిచినట్టుగా వేసిన చిత్రాలు, వాటి కోసం మెడ నొప్పి భరించవచ్చు.

పొలన్నరువకు పూర్తి రోజు ఇవ్వండి. చోళులు తమ పాలనకు ఎంచుకొన్న ఊరు. 1070లో మొదటి విజయబాహు వాళ్లను వెళ్లగొట్టాడు, 12వ శతాబ్దంలో పరాక్రమబాహు దీన్ని శిఖరానికి చేర్చాడు. చోళులు పూర్తిగా రాతితో కట్టిన శివాలయం ఇంకా నిలిచి ఉంది. దాని నుంచి కొంత దూరంలో బౌద్ధ కట్టడాల చతురస్రం. అక్కడ వటదాగె, అంటే చిన్న స్తూపం చుట్టూ కట్టిన గుండ్రటి మందిరం, గుమ్మం ముందు అర్ధచంద్ర శిల దగ్గర పాప కాగితం బయటికి తీయండి. అనురాధపురంలో ఒకే వరుసలో కలిసి నడిచిన జంతువులు ఇక్కడ విడివిడి వరుసలయ్యాయి, వృషభం మాయమైంది. శైవ ప్రభావం పెరిగాక నందిని కాలి కింద ఉంచడం తగదనుకొన్నారని పండితుల ఊహ. రెండు ఊళ్ల మధ్య ఏం జరిగిందో ఒక గడపరాయి చెబుతోంది. ఇందుకే వరుస ముఖ్యమన్నాను.

ఒకే బండలో బుద్ధ విగ్రహాలు చెక్కిన గల్ విహారను చివరికి ఉంచుకోండి, సాయంత్రం నాలుగు దాటాక. 14 మీటర్ల శయన బుద్ధుడి తల దగ్గర ఆగి, దిండు చూడండి. తల బరువుకు దిండు కొద్దిగా నొక్కుకుపోయినట్టు రాతిలో చెక్కారు. తర్వాత పాదాల దగ్గరికి వెళ్లండి. పై పాదం కింది పాదంతో సరిగా కలిసి ఉండదు, కాస్త వెనక్కి జరిగి ఉంటుంది. ఇది నిద్ర కాదు, పరినిర్వాణం అని శిల్పి చెప్పిన తీరు అది. ఒక హెచ్చరిక: ఎక్కడా బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగకండి. అక్కడ దాన్ని తీవ్రమైన అవమానంగా తీసుకుంటారు. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు, గుమ్మం దగ్గర చెప్పులూ టోపీ తీయడం అన్ని చోట్లా తప్పనిసరి. కారులో అందరికీ తలో జత పాత మేజోళ్లు ఉంచండి, ఎండవేళ రాతి మీద ప్రాణం లేచొస్తుంది.

ఆరో రోజు దంబుల్ల నుంచి క్యాండీకి దక్షిణంగా దిగే రోడ్డు మీద రెండు చిన్న చోట్లు ఉన్నాయి, బస్సు యాత్రలవాళ్లు ఎవరూ ఆపరు. నాలంద గెడిగె పల్లవ శైలిలో రాతితో కట్టిన బుజ్జి మందిరం. జలాశయం ముంపు నుంచి తప్పించేందుకు రాయి రాయీ విప్పి మళ్లీ కట్టారు. మాతలె దగ్గరి అలువిహారెలో, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో అప్పటిదాకా కంఠస్థంగా వస్తున్న పాళీ త్రిపిటకాన్ని, అంటే బౌద్ధ ధర్మగ్రంథాలను, తొలిసారి తాటాకుల మీదికి ఎక్కించారు. కరవు, యుద్ధాలు కలిసొచ్చి కంఠస్థం చేసినవాళ్లు చనిపోతే ధర్మమే పోతుందన్న భయంతో చేసిన పని. అక్కడి గుహలు పైకి సాదాసీదాగా ఉంటాయి, అయినా నాకు సిగిరియ కంటే ఈ చోటే పెద్దది.

క్యాండీలో బుద్ధుడి దంతం ఉందని నమ్మే దంతధాతు మందిరం సాయంత్రం పూజవేళకు చేరుకుంటే చాలు. డోళ్లు మోగుతుండగా లోపలి తలుపులు తెరుస్తారు. కనిపించేది బంగారు మంజూష, దంతం కాదు. ఇక్కడి చివరి నలుగురు రాజులు మధుర (మదురై) నాయకుల బంధువర్గానికి చెందిన, తెలుగు మూలాలున్న నాయక్కర్లు. దంబుల్లలో మీరు చూసే చిత్రాల్లో చాలావాటిని తిరిగి వేయించిన కీర్తిశ్రీ రాజసింహుడు వాళ్లలో ఒకడు. చివరివాడైన శ్రీవిక్రమ రాజసింహుణ్ని 1815లో ఆంగ్లేయులు దించేసి వేలూరు కోటకు పంపారు, అక్కడే 1832లో చనిపోయాడు.

కారు సంగతి. మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి కష్టమేమీ లేదు. కానీ భారతీయ లైసెన్సు ఒక్కటే చెల్లదు, అక్కడి అధికారుల నుంచి తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. ఊళ్లలో వేగం 50, బయట 70 దాటకూడదు. అసలు కారణం ఇవేవీ కాదు. హబరణ, మిన్నేరియ చుట్టుపక్కల రోడ్ల మీదికి చీకటి పడ్డాక అడవి ఏనుగులు వస్తాయి. స్థానిక డ్రైవరుకు ఏ మలుపు దగ్గర నెమ్మదించాలో తెలుసు. పైగా విశాలమైన ఈ ఆవరణల్లో ఒక ద్వారం దగ్గర దించి మరో ద్వారం దగ్గర ఎక్కించుకొనే మనిషి ఉండటం మీ అమ్మానాన్నలకు పెద్ద ఊరట. మాట్లాడుకొనేటప్పుడే డ్రైవరు బస, భోజనం ఎవరిదో తేల్చుకోండి, దుకాణాల దగ్గర ఆపవద్దని కూడా ముందే చెప్పండి. డ్రైవరు ఉన్నా సరే, పొలన్నరువ నుంచి హబరణకు చీకటి పడకముందే చేరిపోండి.

టికెట్లు విదేశీయులకు విడిగా, ఖరీదుగా ఉంటాయి. సార్క్ దేశాల వారికి రాయితీ ఇస్తారు, అందుకు అసలు పాస్‌పోర్టు చూపాలి. అనురాధపురం టికెట్టును సాయంత్రం దాకా భద్రంగా ఉంచండి, చాలాచోట్ల అడుగుతారు.

ఈ ప్రాంతంలో వానలు ప్రధానంగా అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా. జూన్ పౌర్ణమికి పొసొన్ పండుగ కోసం అనురాధపురం, మిహింతలెలకు లక్షలమంది వస్తారు. భక్తితో వెళ్లేవారికి గొప్ప రోజు అది, శిల్పం చూడాలనుకొనేవారికి కాదు. మీరు నెల చెప్పలేదు. అది రాసి, నాన్నగారు ఎన్ని మెట్లు ఎక్కగలరో కూడా చెబితే, మూడో రోజునూ నాలుగో రోజునూ గంటల వారీగా సర్ది ఇక్కడే పెడతాను.